పిల్లలకి గేమ్ ఎక్కించే ముందు ఓ పది నిమిషాలు మీరే ఆడండి

సంపాదకుల గారికి నమస్కారం.

దసరా, సంక్రాంతి, ఎండాకాలం... ఏ సెలవులు దగ్గర పడినా ఖమ్మంలో మా కంప్యూటర్, మొబైల్ రిపేరు షాపుకి ఒక రకం గిరాకీ మొదలవుతుంది. డిస్‌ప్లే పగిలిందని కాదు. "అన్నా, మావాడికి చదువుకి పనికొచ్చే గేములేవన్నా ఉంటే ఎక్కించియ్యవా" అని ఫోన్ చేతిలో పెట్టి బజారు పని చూసుకోవడానికి వెళ్లిపోతారు. ఏ క్లాసు అంటే చెబుతారు, ఏ సబ్జెక్టు అంటే మాత్రం "ఏదైనా పర్లేదు" అంటారు. పిల్లాడు పొద్దస్తమానం ఫోన్ పట్టుకుంటున్నాడన్న టెన్షన్ ఎలాగూ ఉంది, గేమ్ పేరులో 'మ్యాథ్స్' అనో 'లెర్నింగ్' అనో కనిపిస్తే అది కాస్త తగ్గుతుంది, అంతే. ఈ విషయంలో మీ పత్రిక చేయగలిగిన పని ఒకటుందని ఈ ఉత్తరం.

మొన్న ఒక మూడో తరగతి పాప మా కౌంటర్ దగ్గరే కూర్చుని ఎక్కాల గేమ్ ఆడుతుంటే పక్కనుంచి చూశాను. స్క్రీన్ మీద 7 × 8 అని వస్తుంది, కింద నాలుగు బెలూన్లు, ఒక్కోదాని మీద ఒక్కో అంకె. పాప లెక్క వైపు చూడనేలేదు, ఎడమ నుంచి కుడికి వరసపెట్టి టకటకా నొక్కుకుంటూ పోయింది. తప్పు బెలూన్ నొక్కితే ఏమీ కాదు, ఒప్పు బెలూన్ తగలగానే చప్పట్లు, స్టార్లు, నాణేలు, ఆ నాణేలతో ఒక పిల్లికూనకి టోపీ కొనొచ్చు. కాసేపటికోసారి ఒక యాడ్, దాన్ని మూసే ఇంటూ గుర్తు ఆవగింజంత, అదీ వెంటనే రాదు. ఆ ఇంటూ ఏ మూల వస్తుందో పాపకి బాగా తెలుసు, వేలు ముందే అక్కడ పెట్టుకుని ఉంది. ఏడెనిమిదులు ఎంతమ్మా అంటే నవ్వింది.

వాళ్ల నాన్న మాత్రం పాప రోజూ లెక్కలు చేస్తోందని సంతోషంగా ఉన్నాడు.

ఇదే లెక్కల మీద టక్స్‌మ్యాథ్ అని ఒక పాత కంప్యూటర్ గేమ్ ఉంది, పూర్తిగా ఉచితం, యాడ్స్ లేవు, నెట్ కూడా అక్కర్లేదు. పైనుంచి తోకచుక్కలు పడుతుంటాయి, ఒక్కోదాని మీద ఒక లెక్క ఉంటుంది, అది కిందికి వచ్చేలోపు జవాబు టైప్ చేసి ఎంటర్ కొడితేనే పేలుతుంది, లేకపోతే కిందున్న ఇళ్లమీద పడుతుంది. ఎంచుకోవడానికి నాలుగు జవాబులు ఉండవు, కాబట్టి గుడ్డిగా నొక్కి గెలవడం కుదరదు. చూడ్డానికి బొమ్మలు కాస్త పాతకాలంవి, నిజమే. అయినా పిల్లలు దాని ముందు కూర్చుంటే లేవరు, ఎందుకంటే లెక్క చేయడమే అక్కడ ఆట. బెలూన్ల గేమ్‌లో అలా కాదు, ఆట వేరు, లెక్క వేరు, పిల్లికూన టోపీకి ముందు టోల్‌గేట్ లాగా లెక్కని నిలబెట్టారు. పిల్లలు టోల్‌గేట్ తప్పించుకునే దారే వెతుకుతారు, అందులో వాళ్ల తప్పేముంది?

అందుకే షాపుకి వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఎక్కించే ముందు పది నిమిషాలు మీరు ఆడండి, కావాలని తప్పులు చేస్తూ ఆడండి. తప్పు చేస్తే గేమ్ ఏం చేస్తుందో చూస్తే దాని సంగతంతా తెలిసిపోతుంది. ఊరికే 'మళ్లీ ప్రయత్నించు' అని పాట పాడుతుందా, ఎక్కడ తప్పో చూపిస్తుందా, లేక ఏదో ఒకటి నొక్కితే పైకి పంపించేస్తుందా? తెలుగు అక్షరాలు దిద్దించే యాప్స్ కొన్నిటిలో 'అ' ని తోక నుంచి వెనక్కి గీసినా మూడు స్టార్లు ఇచ్చేస్తున్నాయి, చుక్కలన్నీ వేలికి తగిలితే చాలు దానికి. పలక మీద అలా గీస్తే మా పంతులుగారు ఊరుకునేవారా? పైగా నేను చూసినవాటిలో చాలావరకు అచ్చులు, హల్లులు, మహా అయితే గుణింతాల దగ్గర ఆగిపోతాయి, పిల్లలు నిజంగా తడబడే ఒత్తుల జోలికి పోవు.

డబ్బు సంగతి. ప్లే స్టోర్‌లో యాప్ పేరు కిందే చిన్న అక్షరాల్లో ప్రకటనలు ఉన్నాయనీ, యాప్ లోపల కొనుగోళ్లు ఉన్నాయనీ రాసి ఉంటుంది, ఆ రెండు ముక్కలు ఎవరూ చదవరు. ఉచితం అన్నది లోపలికి రావడానికి మాత్రమే, మూడో లెవెల్ దగ్గర తాళం వేసి ఉంటుంది. ఒకాయన ఖాతాలోంచి నెలనెలా డబ్బు పోతుంటే బ్యాంకు చుట్టూ తిరిగి తిరిగి చివరికి మా దగ్గరికొచ్చాడు, చూస్తే కొడుకు గేమ్‌లో వారం రోజుల ఫ్రీ ట్రయల్ నొక్కి ఉన్నాడు, యూపీఐ ఆటోపే ఆన్ అయి ఉంది. యాప్ డిలీట్ చేసినంత మాత్రాన అది ఆగదు, సబ్‌స్క్రిప్షన్ విడిగా రద్దు చేయాలి, ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ఏది కొన్నా పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవాలి. ఇంకోటి, అంకెలు నేర్పే గేమ్‌కి కాంటాక్టులూ లొకేషనూ ఎందుకండీ? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలేనని, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని, వాళ్లని గురిపెట్టి ప్రకటనలు చూపకూడదని రాశారు. అమలు సంగతి ప్రభుత్వం చూసుకుంటుందిలే అని కూర్చోకుండా అలాంటి పర్మిషన్లు అడిగితే వద్దు అని నొక్కండి, అప్పుడూ గేమ్ నడవకపోతే తీసేయండి.

అసలు ఫోనే ఎందుకు? చాలా ఇళ్లలో పాత డెస్క్‌టాప్ అటక మీద ఉంటుంది, అది దింపి తుడిస్తే పని చేస్తుంది (ఇందులో నా వ్యాపారం కూడా ఉందనుకుంటే అనుకోండి). జీకాంప్రి అని 2000 సంవత్సరం నుంచి వస్తున్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, రెండేళ్ల నుంచి పదేళ్ల పిల్లల దాకా వందకి పైగా ఆటలు, మౌస్ పట్టుకోవడం దగ్గర్నుంచి గడియారం ముల్లు తిప్పడం, త్రాసులో బరువులు సరిచూడడం, చదరంగం వరకూ. చిన్నపిల్లలకి బొమ్మలేసుకోవడానికి టక్స్ పెయింట్, అందులో సేవ్ చేస్తే ఫైల్ పేరు కూడా అడగదు, అక్షరాలు రాని పిల్ల కూడా తన బొమ్మని మళ్లీ చూసి వెతుక్కుంటుంది. ఎనిమిదేళ్లు దాటినవాళ్లకి అమెరికాలోని ఎమ్ఐటీ యూనివర్సిటీ వాళ్లు 2007లో తెచ్చిన స్క్రాచ్, రంగురంగుల ముక్కలు అతికించుకుంటూ తమ గేమ్ తామే తయారు చేసుకుంటారు. మా అన్న కొడుకు ఏడో తరగతి, స్క్రాచ్‌లో వైకుంఠపాళి చేస్తానని కూర్చుని పాము నోట్లో పడ్డ పావు ఏ గడికి దిగాలో లెక్క తేలక రెండు రోజులు అన్నం కూడా సరిగ్గా తినలేదు. వీడితో లెక్కలు చేయించాలని ట్యూషన్ పెట్టినాయన, మా అన్న, నోరెళ్లబెట్టి చూశాడు.

హైస్కూలు పిల్లలకైతే ఫెట్, అంటే సైన్సు ప్రయోగాలు స్క్రీన్ మీదే చేసి చూసుకునే సాఫ్ట్‌వేర్. భౌతికశాస్త్రంలో 2001 నోబెల్ పంచుకున్న కార్ల్ వీమన్ 2002లో కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టారు. బ్యాటరీ, వైర్లు, బల్బు స్క్రీన్ మీద మనమే కలుపుకోవచ్చు, బల్బు లేకుండా వైరు నేరుగా కలిపేస్తే బ్యాటరీకి మంటలు అంటుకుంటాయి. షార్ట్ సర్క్యూట్ అంటే ఏంటో గైడు చూసి బట్టీపట్టిన పిల్లాడు ఆ మంట చూసి "ఓహో ఇదా" అంటాడు. తెలుగు చదవడానికి మాత్రం ఫోనే మేలు, గూగుల్ వాళ్ల రీడ్ ఎలాంగ్‌లో పిల్లలు కథని పైకి చదువుతుంటే అది విని తప్పిన మాట దగ్గర సాయం చేస్తుంది, కథలు ముందే దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది.

వయసు గురించి ఒక్క మాట. ఐదో తరగతి పిల్లాడికి ఆవు బొమ్మ చూపించి అంబా అనే గేమ్ ఇస్తే వాడికి చిన్నతనంగా ఉంటుంది, అవతల పారేసి బైకు రేసు పెట్టుకుంటాడు. అలాగే విదేశాల గేముల్లో నికెల్, డైమ్, క్వార్టర్ అని చిల్లర లెక్కలుంటాయి, మన పిల్లలకి అవి నాణేలని కూడా తెలియదు, తప్పు చేసి తమకి లెక్కలు రావనుకుంటారు. దానికంటే కిరాణా కొట్టుకి పంపి చిల్లర లెక్కపెట్టి తెమ్మంటే పోయె.

ఇక మీ పత్రికకి నా విన్నపం. ఆదివారం అనుబంధంలో పిల్లల పేజీ ఉంది, దాని పక్కనే అప్పుడప్పుడు లెర్నింగ్ యాప్స్ ప్రకటనలు పెద్దపెద్దవి వస్తుంటాయి. ప్రకటనలు ఆపమని అనడం లేదు, పత్రిక నడవాలి కదా. అదే పేజీలో వారానికి ఒక్క గేమ్ తీసుకుని, కంపెనీ పంపిన కాగితం చూసి కాకుండా, ఎవరైనా ప్రైమరీ స్కూల్ టీచర్ చేత పిల్లలతో ఆడించి రాయించండి. తప్పు చేస్తే ఏమవుతుంది, యాడ్స్ ఎన్నిసార్లు వస్తాయి, డబ్బు ఎక్కడ అడుగుతుంది, తెలుగు ఉందా, నెట్ లేకుండా నడుస్తుందా... ఇంత రాస్తే చాలు, స్టార్లు ఇవ్వక్కర్లేదు. ఎలాంటి ఫోన్‌లో ఆడి చూశారో కూడా రాయించండి, కొత్త ఖరీదైన ఫోన్‌లో కాకుండా రెండు జీబీ ర్యామ్ ఉన్న పాత ఫోన్‌లో చూడమనండి, తండ్రి కొత్తది కొనుక్కున్నాక పిల్లలకి దక్కేది ఆ పాతదే.

ఇట్లు,
ఒక కంప్యూటర్ రిపేరు షాపు యజమాని,
ఖమ్మం