నా భర్త పేరు రాయడానికి మీకున్న ఇబ్బందేమిటో రాతపూర్వకంగా చెప్పండి

కస్టమర్ రిలేషన్స్ మేనేజర్ గారికి,

విషయం: 2025 సంవత్సరానికి నా అమెరికా ట్యాక్స్ రిటర్న్, మీ ఆఫీసు నుంచి రాని జవాబు.

అయ్యా,

నేను కెంటకీ రాష్ట్రంలో మోర్‌హెడ్ అనే చిన్న ఊళ్లో ఉంటాను. స్టూడెంట్ వీసా మీద దిగిన మొదటి ఏడాది నుంచి నా ట్యాక్స్ పనులన్నీ హైదరాబాద్‌లో మీరే చూస్తున్నారు. గుంటూరు ఇంటి అద్దె, అక్కడి బ్యాంకు అకౌంట్ల సంగతి ఇక్కడి వాళ్లకు అయితే మొదటి నుంచి విడమరిచి చెప్పాలి, మీకు అక్కర్లేదు. పైగా మన భాషలో మాట్లాడొచ్చు. అందుకే ఇన్నేళ్లూ వేరే చోటుకి వెళ్లలేదు. నాతో చదువుకున్నవాళ్లని, వాళ్ల తమ్ముళ్లని కూడా మీ దగ్గరికే పంపాను.

గత అక్టోబరులో నేను పెళ్లి చేసుకున్నాను. నేను గే. నా భర్త ఇక్కడే పుట్టి పెరిగినవాడు. డిసెంబరు 31 నాటికి పెళ్లయి ఉంటే ఆ ఏడాది రిటర్న్‌లో 'సింగిల్' అని రాయకూడదన్నది మీ పనిలో మొదటి పాఠం. స్వలింగ జంటల పెళ్లికీ అదే రూలని అమెరికా పన్నుల శాఖ ఐ.ఆర్.ఎస్ 2013లోనే చెప్పింది. నేను అడిగింది ఆ ఒక్క మార్పే.

మొదట ఫోన్ తీసిన అమ్మాయి "కంగ్రాట్స్ సార్, మేడమ్ గారి పేరు చెప్పండి" అంది. మేడమ్ కాదమ్మా, నా భర్త అని పేరు చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "లైన్‌లో ఉండండి సార్" అంది. పాట వినిపించింది, కాల్ కట్ అయింది. మళ్లీ చేస్తే వేరే అబ్బాయి. అతనికి మొదటి నుంచీ చెప్పాను. మా సిస్టంలో 'వైఫ్' అనే ఉంది సార్, బ్యాక్‌ఎండ్ టీమ్‌కి టికెట్ పెడతాను, వాళ్లే కాల్ చేస్తారు అన్నాడు. ఎవరూ చేయలేదు. ఈమెయిల్ పెడితే 'మీ టికెట్ పరిష్కారమైంది' అని వచ్చింది. పోర్టల్ తెరిచి చూస్తే నా భర్త పేరు పక్కన స్త్రీ అని ఉంది.

అది తీసేయమని ఫోన్ చేస్తే ఈసారి ఒక సీనియర్ మాట్లాడాడు. "అన్నా, మన ఇండియాలో ఈ పెళ్లి చెల్లదు కదా, సింగిల్ అని పెట్టేద్దాం, ఎవరు చూస్తారు?" అన్నాడు. స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వడానికి 2023లో మన సుప్రీంకోర్టు ఒప్పుకోలేదని నాకు తెలుసు, ఆ తీర్పు రోజు నేను నిద్రపోలేదు. కానీ మీరు నింపుతున్నది అమెరికా ఫారం. అందులో అబద్ధం రాస్తే నేరమని తెలిసే కింద సంతకం పెట్టేది నేను, మీ సీనియర్ కాదు. ఆ మాటే అతనితో అన్నాను. మేనేజర్‌తో మాట్లాడి చెప్తానన్నాడు. ఆ తర్వాత అతని నంబరుకి నా కాల్ కలవలేదు.

ఇదంతా ఓర్చుకున్నాను. ఆ తర్వాత జరిగింది ఓర్చుకోలేను. నా ఫైల్లో ఎప్పుడో విద్యార్థిగా ఉన్నప్పుడు ఇచ్చిన ఇండియా నంబరు మా అమ్మది. మీ ఆఫీసు మనిషి ఆ నంబరుకి ఫోన్ చేసి, "మీ అబ్బాయి పెళ్లి వివరాలు అప్‌డేట్ చేయాలమ్మా, కోడలి గారి పేరు చెప్తారా?" అని అడిగాడు. మా అమ్మ నాకు ఫోన్ చేసి, "మాకు చెప్పకుండా పెళ్లి చేసుకున్నావా నాన్నా?" అని ఏడ్చింది. వేసవిలో ఇంటికి వెళ్లి, ఆమె పక్కన కూర్చుని చెప్పాలనుకున్న మాట అది. మీ కాల్ సెంటర్ వల్ల అర్ధరాత్రి ఫోన్‌లో చెప్పాల్సి వచ్చింది. నాన్న ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు.

దాని మీద నేను పంపిన ఫిర్యాదుకి మీ నుంచి ఒక్క అక్షరం రాలేదు. నా అసలు కోపం దాని మీద.

నేనుండే ఊరి గురించి మీకు తెలియాలి. ఇది రోవన్ కౌంటీ, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 2015 జూన్‌లో స్వలింగ వివాహం హక్కు అని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇస్తే, పెళ్లి లైసెన్సులిచ్చే ఇక్కడి అధికారి, కౌంటీ క్లర్క్ కిమ్ డేవిస్ తన మతం ఒప్పుకోదని ఎవరికీ పెళ్లి లైసెన్సులే ఇవ్వనంది. కోర్టు ధిక్కారం కింద జైలుకి కూడా వెళ్లింది. ఆమెకి మద్దతుగా వచ్చిన జనంతో జైలు బయట సభలే జరిగాయి. ఇప్పటికీ మా వీధిలో ఆమె చేసింది సరైనదే అనేవాళ్లు ఉన్నారు. వాళ్లతోనే చర్చి విందుల్లో పక్కపక్కన కూర్చుని తింటాం. బజార్లో మేం చేతులు పట్టుకుని నడవం. నా భర్త పెద్దమ్మ మా పెళ్లికి రాలేదు, కానీ ఆయనకి జ్వరమొస్తే సూప్ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్తుంది. ఇదే ఊరి కౌన్సిల్ 2013లోనే, గే అన్న కారణంతో ఉద్యోగంలోంచి, ఇంట్లోంచి తీసేయకూడదని చట్టం చేసింది. రాష్ట్రమంతటికీ అలాంటి చట్టం ఈనాటికీ లేదు. ఈ ఊరిని ఒక్క మాటలో మంచిదనీ చెడ్డదనీ నేను చెప్పలేను.

కానీ కిమ్ డేవిస్ కౌంటర్ దగ్గర నిలబడి, కెమెరాల ముందు, ఇవ్వను అని ముఖం మీద చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది. అందుకే ఆమె మీద కోర్టుకి వెళ్లగలిగారు. 2018 ఎన్నికల్లో ఇదే కౌంటీ జనం ఆమెని ఓడించారు. ఆమె లైసెన్సు ఇవ్వని ఒక జంటకి చెరో 50,000 డాలర్లు ఇవ్వాలని 2023లో జ్యూరీ చెప్పింది. నిరుడు ఆమె ఆ 2015 తీర్పునే కొట్టేయమని సుప్రీంకోర్టుకి వెళ్తే మాకు టెన్షన్ పట్టుకుంది. ఏమవుతుందోనని అక్టోబరులోనే వెళ్లి, అదే కౌంటీ ఆఫీసులో లైసెన్సు తీసుకున్నాం. కౌంటర్‌లో ఉన్నావిడ ఫారం మా వైపు తిప్పి, ఏది కావాలో టిక్ పెట్టుకోండి అంది. వధువు, వరుడు, జీవిత భాగస్వామి, మూడూ ఉన్నాయి. పని అయ్యాక శుభాకాంక్షలు చెప్పింది. నవంబరులో సుప్రీంకోర్టు కిమ్ డేవిస్ పిటిషన్‌ని విచారణకే తీసుకోలేదు.

ఆ కౌంటర్‌లో నిమిషాల్లో అయిన పని మీ దగ్గర నెలలుగా అవడం లేదు. మీరు అవునని చెప్పరు, కాదనీ చెప్పరు. కాదని రాసిస్తే నేను వేరే దారి చూసుకునేవాణ్ని. టికెట్లు మూసేస్తూ, ఫోన్లు పెట్టేస్తూ, నేనే విసిగిపోయి ఊరుకుంటానని చూస్తున్నారు. నా భాష మాట్లాడే ఆఫీసు అని నమ్మి వచ్చినవాణ్ని ఇలా చేయడం అన్యాయం.

ఏప్రిల్ 15 గడువు దగ్గరపడింది. నా రిటర్న్‌లో నా భర్త పేరు, వివరాలు ఉన్నవి ఉన్నట్టు ఉండాలి. మా అమ్మ నంబరు మీ రికార్డుల్లోంచి తీసేయాలి, ఆ కాల్ ఎవరు చేయమన్నారో చెప్పాలి. మీ సంస్థలో బాధ్యత ఉన్న మనిషి పేరుతో, సంతకంతో మా అమ్మకి క్షమాపణ ఉత్తరం రావాలి, అది తెలుగులో ఉండాలి.

ఈ వారంలో రాకపోతే ఐ.ఆర్.ఎస్‌కి మీ మీద ఫారం 14157, అంటే రిటర్న్ తయారుచేసేవాళ్ల మీద ఫిర్యాదు ఫారం, పంపుతాను. హైదరాబాద్‌లో వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, అక్కడ లాయరైన మా బావతో ఇప్పటికే మాట్లాడాను. నేను మీ దగ్గరికి పంపిన ప్రతి ఒక్కరికీ ఈ ఉత్తరం కాపీ వెళ్తుంది.

ఫోన్ చేయకండి. రాసి పంపండి.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
మోర్‌హెడ్, కెంటకీ