దొడ్డబెట్టలో మా అమ్మను చూసుకున్న అక్కకు

మే నెలలో ఊటీ వెళ్లాం. మెట్టుపాళయంలో ఆ చిన్న రైలు ఎక్కాలని అమ్మకు ఎన్నాళ్ల కోరికో, కూనూరు దాకా ఆవిరి ఇంజన్ వెనక నుంచి నెట్టుకుంటూ కొండ ఎక్కిస్తుంటే కిటికీ వదల్లేదు. మర్నాడు బొటానికల్ గార్డెన్ చూసుకుని దొడ్డబెట్ట వెళ్లాం. 2,637 మీటర్లు, నీలగిరుల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. అప్పటిదాకా ఎండే, పది నిమిషాల్లో మంచు కమ్మేసి వాన మొదలైంది, దిగే తొందరలో అమ్మ తడి మెట్టు మీద జారితే చీలమండ బెణికింది. టెన్షన్‌తో నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

అప్పుడొచ్చారు మీరు, ఆకులతో సహా క్యారెట్లు కట్టలు కట్టి అమ్ముకునే అక్క. బండి మీది ప్లాస్టిక్ పట్టా తీసి అమ్మకు కప్పారు, మీ స్టూలు మీద కూర్చోబెట్టారు, మెడలో మఫ్లర్ విప్పి చీలమండకు గట్టిగా చుట్టారు. మీకు తెలుగు రాదు, మాకు తమిళం అంతంతమాత్రం. "బయప్పడాదీంగమ్మా" అంటూ అమ్మ అరచేతులు రుద్దుతూనే ఉన్నారు, మీ వేళ్లకు ఇంకా క్యారెట్ల మట్టి అంటుకునే ఉంది. జీపు పిలిచి, నెమ్మదిగా పోనివ్వమని డ్రైవరుకు మరీ మరీ చెప్పారు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు సరికదా, మా పాప చేతిలో ఒక క్యారెట్ కట్ట పెట్టారు. సీజన్‌లో ఒక గంట బేరం పోతే మీకెంత నష్టమో నాకు తెలుసు.

ఆ హడావుడిలో మీ పేరైనా అడగలేదు. చాలా చాలా థ్యాంక్స్ అక్కా. అమ్మ ఇప్పుడు బాగా నడుస్తోంది. మీ మఫ్లర్ ఉతికి మడతపెట్టి దాచింది, వచ్చే ఎండాకాలం తానే వచ్చి మీ చేతికిస్తానంటోంది.