కాలేయం చెడితే తాగుడే కారణమా?

సంపాదకుల వారికి,

నమస్కారం. 1992లో దూబగుంట మహిళలు లేవనెత్తిన సారా వ్యతిరేక ఉద్యమం మా నెల్లూరు జిల్లా నుంచి రాష్ట్రమంతటికీ పాకి, 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసిన సంగతి మీ పాఠకులకు తెలిసిందే. సారా ఎన్ని కాపురాలను కూల్చిందో, ఎందరి ప్రాణాలను మింగిందో కళ్లారా చూసిన ప్రాంతం కనుక, ఇక్కడ ఎవరికైనా లివర్ చెడిందన్న కబురు వినగానే 'తాగేవాడా?' అన్న ప్రశ్నే ముందుగా వస్తుంది. ఆ ప్రశ్న అడగడంలో తప్పు లేదు. అయితే పదహారేళ్ల పిల్లవాడి విషయంలో కూడా తల్లిదండ్రులు 'మావాడికి ఆ అలవాటు లేదండీ' అని వచ్చిపోయే వారందరికీ సంజాయిషీ చెప్పుకోవలసి రావడం, అంతకంటే ముఖ్యంగా, ఆ అనుమానం దగ్గరే అసలు కారణం కోసం వెతకడం ఆగిపోవడం చూసి ఈ లేఖ రాస్తున్నాను.

హెపటైటిస్-బి, సి వైరస్‌ల గురించీ, మధుమేహం, ఊబకాయం ఉన్నవారికి వచ్చే ఫ్యాటీ లివర్ గురించీ పత్రికలు తరచుగానే రాస్తున్నాయి కనుక వాటి జోలికి పోను. అరుదుగా మాత్రమే ప్రస్తావనకు వచ్చేది విల్సన్ వ్యాధి. ఇది కాలేయంతో మొదలై మెదడు దాకా పోతుంది.

మనం రోజూ తినే ఆహారంలో ఒకటి రెండు మిల్లీగ్రాముల రాగి ఉంటుంది. ఒంటికి కావలసినంత వాడుకున్నాక మిగిలిన దానిని కాలేయం పైత్యరసంలో కలిపి పేగుల ద్వారా బయటికి పంపుతుంది. ఈ పనికి అవసరమైన ఏటీపీ7బి అనే జన్యువును 1993లో గుర్తించారు. అది 13వ క్రోమోజోము మీద ఉంటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ లోపంతో ఉన్న బిడ్డలో, తూము పూడిపోయిన చెరువులోకి నీరు చేరినట్లు రాగి ఏళ్ల తరబడి కాలేయంలో చేరుతూనే ఉండి, అక్కడ నిండిన తరువాత నెత్తురులో కలిసి మెదడుకూ కంటికీ చేరుతుంది. ఎక్కువగా ఐదేళ్లకూ ముప్పై ఐదేళ్లకూ మధ్య బయటపడే ఈ వ్యాధి కొందరిలో కామెర్లుగా, పొట్టలో నీరు చేరడంగా, కాళ్ల వాపుగా కనిపిస్తే, మరికొందరిలో చేతుల వణుకుతో, ముద్దగా వచ్చే మాటతో, చొంగ కారడంతో మొదలవుతుంది. 1912లో లండన్‌లో శామ్యూల్ అలెగ్జాండర్ కిన్నియర్ విల్సన్ ఈ వ్యాధిని వర్ణించినప్పుడే, మెదడు లోతుల్లోని ఒక భాగం క్షీణించడమూ కాలేయం గట్టిపడటమూ ఒకే రోగిలో కలిసి ఉన్నాయని స్పష్టంగా రాశారు.

మెదడు లోతుల్లోని ఆ భాగాలు, నాడీకణాల మధ్య సందేశాలు మోసే డోపమైన్ అనే రసాయనం ప్రధానంగా పనిచేసే చోట్లలో ఉన్నాయి. ఈ మధ్య డోపమైన్ అనే మాట సెల్‌ఫోన్ వ్యసనానికి మారుపేరైపోయి, దానికి ఉపవాసాలు కూడా చెబుతున్నారు గానీ, ఆ రసాయనం గురించిన పరిశోధన మొదలైంది కదలికలతో. 1950లలో స్వీడన్ శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్, మన సర్పగంధ వేరు నుంచి తీసిన రిసర్పిన్‌తో కదలిక లేకుండా పడిపోయిన కుందేళ్లకు డోపమైన్‌గా మారే ఎల్-డోపా ఇవ్వగా అవి మళ్లీ లేచి తిరిగాయి. ఆ కృషికి 2000లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. కదలికలనే కాక ఉత్సాహాన్నీ, కోపతాపాల మీద అదుపునూ నడిపే ఈ వ్యవస్థ ఉన్న చోటనే రాగి పేరుకుంటుంది కనుక, విల్సన్ వ్యాధి ఉన్న యువకుల్లో కొందరికి మొదట కనిపించేది ప్రవర్తనలో మార్పే. నెమ్మదస్తుడైన పిల్లవాడు చీటికిమాటికి విసుక్కుంటాడు, చదువులో వెనకబడతాడు, ఊరికే ఏడుస్తాడు లేదా నవ్వుతాడు.

నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో చక్కని దస్తూరీ ఉన్న విద్యార్థి ఒకడు తొమ్మిదో తరగతిలో గీతల మీద నిలవని అక్షరాలు రాయడం మొదలుపెడితే ఉపాధ్యాయులు బద్ధకమన్నారు, ఇంట్లో వాళ్లు గాలి సోకిందన్నారు. తాయెత్తులు అయ్యాక ఒక వైద్యశాలలో మానసిక వ్యాధికి మందులిచ్చారు. ఆ మందులతో అతని ఒళ్లు కొయ్యలా బిగుసుకుపోయింది. హాలోపెరిడాల్ వంటి మందులు డోపమైన్ గ్రాహకాలను అడ్డుకుంటాయి. విల్సన్ రోగుల మెదడులో ఆ భాగం అప్పటికే దెబ్బతిని ఉంటుంది కనుక వారిలో బిగుతూ వణుకూ మరీ ఎక్కువవుతాయి. మందు పడలేదని వేరొక మందుకు మారడానికి ముందు, చిన్న వయసు రోగిలో అలా ఎందుకు జరిగిందని ఆలోచించవలసిన ఘట్టమది. చివరికి కంటి పరీక్షలో అసలు సంగతి తెలిసింది. నల్లగుడ్డు అంచున రాగి చేరి ఏర్పడే గోధుమ, ఆకుపచ్చ రంగుల వలయాన్ని జర్మన్ కంటి వైద్యులు కైజర్, ఫ్లైషర్ 1902, 1903లలోనే వర్ణించారు. మెదడు లక్షణాలున్న రోగుల్లో అది దాదాపు తప్పకుండా ఉంటుంది. కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్ అనే పరికరం ఉన్న ఏ కంటి వైద్యుడైనా కొద్ది నిమిషాల్లో చూడగలరు. కాలేయ లక్షణాలు మాత్రమే ఉన్నవారిలో సగం మందికి అది కనిపించకపోవచ్చు కనుక, నెత్తురులో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్ పరీక్ష, 24 గంటల మూత్రంలో రాగి పరీక్ష చేయించాలి. ఆ మూత్రంలో రాగి 100 మైక్రోగ్రాములు దాటితే గట్టిగా అనుమానించాలి.

ప్రపంచవ్యాప్తంగా సుమారు 30,000 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉంటుందని చాలాకాలంగా చెబుతున్న అంచనా. మేనమామకో మేనబావకో పిల్లనిచ్చే ఆచారం ఇంకా పోని మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో ఒకే తాత నుంచి వచ్చిన లోపం భార్యాభర్తలిద్దరిలోనూ ఉండే అవకాశం సహజంగానే ఎక్కువ. మేనరికాల మంచిచెడ్డల చర్చ ఇక్కడ పెట్టను. జరిగిన పెళ్లిళ్లు జరిగాయి. కానీ ఒక బిడ్డలో విల్సన్ వ్యాధి బయటపడితే, తోడబుట్టిన వారిలో ఒక్కొక్కరికీ అది ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. పైకి ఆరోగ్యంగా తిరుగుతున్న చెల్లెలిని పరీక్ష చేయించి అప్పుడే మందు మొదలుపెడితే ఆమెకు జబ్బు లక్షణాలే రాకపోవచ్చు. ఆడపిల్లకు పరీక్ష చేయిస్తే పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని వెనకాడే కుటుంబాలను నేను ఎరుగుదును. వారికి ఓపికగా నచ్చజెప్పవలసిన బాధ్యత వైద్యులదే.

ఎందుకంటే దీనికి మందు ఉంది. 1956లో జాన్ వాల్ష్ అనే వైద్యుడు పెన్సిలమిన్ రాగిని మూత్రం ద్వారా బయటికి లాగుతుందని చూపారు. తరువాత ట్రయెంటీన్, ఆహారంలోని రాగిని పేగుల్లోనే అడ్డుకునే జింక్ వచ్చాయి. ఇవి జీవితాంతం వాడాలి. బాగైపోయిందని మానేసిన వారు ప్రాణాల మీదికి తెచ్చుకున్నారు. పీతలు, రొయ్యలు, కాలేయం, జీడిపప్పు వంటివి, ముఖ్యంగా చికిత్స తొలి రోజుల్లో, వద్దంటారు. చేపల పులుసు మానక్కర్లేదు కనుక నెల్లూరు వారికి అంత కష్టం కాదు. కేవలం పత్యంతో మాత్రం ఈ జబ్బు లొంగదు.

రాగిచెంబు నీళ్లు తాగితే ఈ వ్యాధి వస్తుందా అని కొందరు అడుగుతారు. రాదు, ఇది జన్యులోపం, అయితే ఉన్నవారు ఆ నీళ్లకు దూరంగా ఉండాలి. మన దేశంలో పసిపిల్లలను బలిగొన్న మరొక కాలేయ వ్యాధికి మాత్రం పాత్రలతో సంబంధం ఉండేది. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో కాచి నిల్వ ఉంచిన పాలలోకి దిగిన రాగే ఆ జబ్బుకు ముఖ్య కారణమని 1980ల్లో పుణెలో జరిగిన పరిశోధనలు చూపాయి. ఆ గిన్నెలు పక్కన పెట్టాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. రాగి సీసాలకు ప్రకటనలిచ్చే వారు పసిపిల్లల పాలకు అవి పనికిరావని ఒక్క వాక్యం చేర్చితే బాగుంటుంది.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల కోసం 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు పాఠశాలలకు వచ్చినప్పుడు, దస్తూరీ, మాట, నడక ఈ ఏడాదిలో మారిన పిల్లలు ఎవరైనా ఉన్నారా అని తరగతి ఉపాధ్యాయులను అడిగి, అటువంటి వారిని కంటి పరీక్షకు పంపాలని జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులను కోరుతున్నాను. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో కారణం తేలని కాలేయ వ్యాధితో చేరిన యువతీ యువకులందరికీ సెరులోప్లాస్మిన్, మూత్రంలో రాగి పరీక్షలను ఉచితంగా, తప్పనిసరిగా చేయాలి. వ్యాధి తేలిన వారికి పెన్సిలమిన్, జింక్ మాత్రలు నెలనెలా ఆగకుండా అందేలా ఏర్పాటు చేయాలని కూడా మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

భవదీయుడు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా