పిల్లలకు కావలసింది ఇంజనీరు సమయం

సంపాదకులకు నమస్కారం.

యువతను సైన్సు, ఇంజనీరింగ్ వృత్తుల వైపు ప్రోత్సహిస్తున్నామని కంపెనీలు చెప్పుకునే వార్తల్లో తరచూ ఒకే ఫొటో కనిపిస్తుంది: నిలువెత్తు చెక్కు, దానికి ఒక పక్క విద్యార్థి, మరో పక్క కంపెనీ అధికారి. ఆ పోటీలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1942లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఆర్థిక సాయంతో అమెరికాలో మొదలైన సైన్స్ టాలెంట్ సెర్చ్‌లో హైస్కూలు రోజుల్లో ప్రతిభ చూపినవారిలో పదిమందికి పైగా తర్వాతి కాలంలో నోబెల్ బహుమతి అందుకున్నారు; భౌతిక శాస్త్రవేత్త షెల్డన్ గ్లాషో వారిలో ఒకరు. అయితే అలాంటి పోటీకి దరఖాస్తు పంపే విద్యార్థికి అప్పటికే సైన్సు మీద మనసు పడి ఉంటుంది. అసలు అలాంటి దారి ఒకటి ఉందన్న సంగతే తెలియని పిల్లల దాకా ఆ చెక్కు చేరదు.

పైగా కంపెనీల ఉత్సాహం ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేం. సైన్స్ టాలెంట్ సెర్చ్‌కు వెస్టింగ్‌హౌస్ స్థానంలో 1998లో ఇంటెల్, దాని స్థానంలో 2017లో రీజెనెరాన్ అనే ఔషధ కంపెనీ ప్రాయోజకులుగా వచ్చినా పోటీ ఆగలేదు. దాని నిర్వహణ మొదటి నుంచీ కంపెనీల చేతిలో కాక వేరే సంస్థ చేతిలో ఉండడం అందుకు ప్రధాన కారణమని నా అభిప్రాయం. సీమెన్స్ తన పేరుతో 1999లో మొదలుపెట్టిన పోటీ 2017లో ముగిసింది. గూగుల్ సైన్స్ ఫెయిర్ 2011లో మొదలై 2019 తర్వాత కనబడలేదు. ఇలాంటి పోటీలను నమ్ముకొని ఏళ్ల తరబడి విద్యార్థులను తీర్చిదిద్దుకుంటూ వచ్చిన ఉపాధ్యాయులు మరుసటి ఏడాది వారికి ఏమని చెప్పాలి?

ఆవిష్కర్త డీన్ కామెన్ 1989లో స్థాపించిన 'ఫస్ట్' సంస్థ పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. 1992లో ఒక హైస్కూలు వ్యాయామశాలలో 28 జట్లతో మొదలైన దాని రోబో పోటీల్లో కంపెనీల ఇంజనీర్లు వారాల తరబడి విద్యార్థుల పక్కనే కూర్చొని పనిచేస్తారు. యంత్రాల డిజైన్ విభాగంలో పనిచేసి రిటైరైన నేను కూడా ఇలాంటి ఒక విద్యార్థి జట్టుకు కొన్నాళ్లు తోడ్పడ్డాను. ఒకరోజు నేను వేసిన గేర్ల లెక్కే తప్పి, మేము కట్టిన బండి అంగుళం కూడా కదల్లేదు. తప్పు ఎక్కడ జరిగిందో వెతకడానికి పిల్లలకూ నాకూ ఒక సాయంత్రమంతా పట్టింది. ఇంజనీరు రోజువారీ పని ఎలా ఉంటుందో ఆ సాయంత్రం వారికి అర్థమైనంతగా ఏ ఉపన్యాసంలోనూ అర్థమయ్యేది కాదు. "మేడం, మీరు నిజంగానే మిషన్లు చేసేవారా, ఆఫీసు పనేనా?" అని ఒక అమ్మాయి అడిగింది కూడా ఆ రోజే. డేవిడ్ చాంబర్స్ 1983లో ప్రచురించిన అధ్యయనంలో శాస్త్రవేత్త బొమ్మ గీయమంటే 4,807 మంది పిల్లల్లో 28 మందే స్త్రీ బొమ్మ గీశారు. ఆ 28 మందీ ఆడపిల్లలే. కాబట్టి ఏ ఇంజనీరును బడికి పంపాలన్నది కూడా కంపెనీలు ఆలోచించవలసిన విషయమే.

ఆసక్తి పుట్టిన తర్వాత ఎదురయ్యేది డబ్బు సమస్య. జీతం లేని ఇంటర్న్‌షిప్ ఇంట్లో స్తోమత ఉన్నవారికే అందుతుంది. జర్మనీలో అప్రెంటిస్‌లు వృత్తి పాఠశాలలో చదువుకుంటూనే కంపెనీలో జీతానికి పని నేర్చుకుంటారు. బ్రిటన్‌లో 2017లో మొదలైన డైసన్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థుల దగ్గర ట్యూషన్ ఫీజు తీసుకోకపోగా, వారికి జీతం ఇచ్చి ఇంజనీరింగ్ పని చేయిస్తూ డిగ్రీ చదివిస్తుంది. ఇందులో కంపెనీకి స్వలాభం లేదని కాదు, కానీ ఆ లాభంలో విద్యార్థికీ వాటా దక్కుతోంది.

ఇకపై ఇలాంటి ఫొటో మీ కార్యాలయానికి వచ్చినప్పుడు, ఆ కంపెనీ ఇంజనీర్లు ఏడాదిలో ఎన్ని గంటలు విద్యార్థులతో గడిపారో, ఆ కార్యక్రమం ఎన్నేళ్లుగా సాగుతోందో కూడా అడిగి వార్తలో రాయవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఇంజనీరు