మా చిట్టిని బాగుచేసిన క్లినిక్ వాళ్లకు మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు

విశాఖలో ఎంవీపీ కాలనీ వైపు ఉన్న ఒక చిన్న క్లినిక్ వాళ్ల గురించి ఇది రాస్తున్నాను. కుక్కలకీ పిల్లులకీ వచ్చే చర్మ రోగాలే ఎక్కువగా చూస్తారు అక్కడ. పేర్లు పెట్టి రాస్తానంటే డాక్టరు గారు ఒప్పుకోలేదు. "మా పని మేం చేశాం, పేర్లెందుకమ్మా" అన్నారు. సరే, పేర్లు రాయను. అక్కడ పనిచేసేవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఎవరి గురించో వాళ్లకి తెలిసిపోతుంది.

మా చిట్టి వీధి కుక్కే. గోపాలపట్నంలో కూరగాయల బండ్ల దగ్గర తిరుగుతుంటే మా అమ్మాయి ట్యూషన్ నుంచి వస్తూ ఎత్తుకొచ్చింది. ఏడాది నిండకముందే దానికి కళ్ల చుట్టూ, మూతి దగ్గర, ముందు కాళ్ల మీద జుట్టు ఊడడం మొదలైంది. చూస్తుండగానే ఒళ్లంతా పాకింది. చర్మం ఎర్రగా కందిపోయి, చీము పొక్కులు లేచి, గోక్కుని గోక్కుని రక్తం వచ్చేది. దగ్గరికొస్తే వాసన. పాపం దానికివేవీ తెలియవు కదా, ఎవరు కనిపించినా తోక ఊపుకుంటూ పరిగెత్తేది. వాళ్లు "ఛీ, గజ్జి కుక్క" అని కాళ్లు వెనక్కి తీసుకునేవాళ్లు.

అంతకుముందు చూపించిన చోట వెళ్లిన ప్రతిసారీ ఒక ఇంజెక్షన్ వేసి పంపేవారు. నాలుగు రోజులు దురద తగ్గేది, తర్వాత రెట్టింపు అయ్యేది. అసలు రోగమేంటో ఎవరూ చెప్పలేదు. ఈలోగా అపార్ట్‌మెంటులో మాటలు మొదలయ్యాయి. దాన్ని లిఫ్టులో తీసుకెళ్లొద్దన్నారు, పిల్లలకి అంటుకుంటుందన్నారు, ఎక్కడైనా వదిలేసి రమ్మన్నవాళ్లూ ఉన్నారు. మా అత్తయ్యగారికి షుగరు. ఆవిడ ఒంటికి ఏదైనా అంటుకుంటే పుండు మానదేమోనని నాకు రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. అలాగని చిట్టిని వదిలేయడానికీ మనసు రాలేదు. ఆ టెన్షన్‌లో ఉన్నప్పుడు తెలిసినవాళ్లు ఈ క్లినిక్ గురించి చెప్పారు.

మేం లోపలికి వెళ్లగానే రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి బల్ల వెనకనుంచి లేచి వచ్చి, చిట్టి ముందు గొంతుక్కూర్చుంది. ముందు చిట్టి పేరడిగి, ఆ తర్వాతే నా పేరు రాసుకుంది. చేతికి గ్లౌజు వేసుకునే ముట్టుకుంది, ఏ రోగమో తెలిసేదాకా అది వాళ్ల పద్ధతి. కానీ గడ్డం కింద, ఇంకా జుట్టు మిగిలిన ఆ కాస్త చోట వెతికి మరీ నిమిరింది. అప్పటికి ఎన్నాళ్లయిందో మా ఇంటివాళ్లు కాక ఇంకో మనిషి దాన్ని ప్రేమగా ముట్టుకుని. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

డాక్టరు గారు వెంటనే మందు రాయలేదు. ముందు ఎక్కడ మొదలైంది, దురద ముందా జుట్టు ఊడడం ముందా, ఏం పెడుతున్నారు, ఎక్కడ పడుకుంటుంది, ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా, ఇప్పటిదాకా ఏమేం ఇంజెక్షన్లు వేశారు, ఇలా ఓపిగ్గా అడుగుతూనే ఉన్నారు. పాత చీటీలన్నీ చదివారు. చెవుల్లోపల, కాలివేళ్ల సందుల్లో, తోక కింద చూశారు. తర్వాత మొండి చేసిన బ్లేడుకి ఒక చుక్క పారాఫిన్ నూనె రాసి, చర్మాన్ని రెండు వేళ్ల మధ్య నొక్కిపట్టి, కాస్త రక్తం చెమ్మ అంటేదాకా మెల్లగా గీకారు. ఆయన అనుమానించిన పురుగు ఉండేది వెంట్రుక కుదుట్లో లోపల కాబట్టి పైపైన గీకితే దొరకదట. అంతసేపూ అక్కడ సాయం చేసే అబ్బాయి చిట్టి తల తన గుండెకి ఆనించుకుని చెవిలో "అయిపోనాది తల్లీ, అయిపోనాది" అంటూనే ఉన్నాడు. అది ఒక్కసారి కూడా మూలగలేదు.

గాజు పలక మైక్రోస్కోపు కింద పెట్టాక డాక్టరు గారు మమ్మల్ని పిలిచి చూడమన్నారు. మా అమ్మాయిని స్టూలు ఎక్కించి మరీ చూపించారు. మా అమ్మమ్మ కాల్చే చుట్టలా పొడుగ్గా సన్నగా ఉన్న శరీరం, ముందు భాగంలోనే ఎనిమిది పొట్టి కాళ్లు. మెల్లగా కదులుతున్నాయి. ఒకటి రెండు కాదు, చూసిన చోటల్లా ఉన్నాయి. పేరు డెమోడెక్స్.

ఆయన చెప్పిన సంగతులు ఇక్కడ రాయాలి, ఎందుకంటే మాలాగా భయపడుతున్నవాళ్లు ఈ ఊళ్లో ఇంకా చాలామంది ఉంటారు. ఈ పురుగులు దాదాపు ప్రతి కుక్క ఒంటిమీదా కొద్దిగా ఉంటాయట. పుట్టిన మొదటి రోజుల్లో పాలు తాగేటప్పుడే తల్లి నుంచి పిల్లకి వస్తాయి. ఒంట్లో రోగనిరోధక శక్తి సరిగా ఉంటే వాటిని అదుపులో ఉంచుతుంది. చిన్న వయసులో ఆ శక్తి తక్కువైన కుక్కలకి అవి విపరీతంగా పెరిగిపోతాయి. దురద తగ్గడానికి స్టెరాయిడ్ వేస్తే ఆ శక్తి ఇంకా తగ్గి, పురుగులకి అడ్డు లేకుండా పోతుంది. చిట్టికి తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎందుకు ముదిరేదో నాకు అప్పుడు అర్థమైంది. ఇంత తెలిసీ పాత చీటీలు రాసినవాళ్ల గురించి ఆయన ఒక్క మాట తప్పుగా అనలేదు. ఆ సంస్కారం నాకు చాలా పెద్దదిగా అనిపించింది.

ఇక అసలు ముఖ్యమైన మాట. కుక్కల డెమోడెక్స్ మనుషులకి అంటుకోదు. అంటుకునే గజ్జి వేరు, అది సార్కోప్టిస్ అనే ఇంకో పురుగు వల్ల వస్తుంది. అది ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి పాకుతుంది, మనుషులకీ దద్దుర్లు, దురద తెప్పిస్తుంది. చిట్టికి ఉన్నది అది కాదు. అత్తయ్యగారి సంగతి చెప్తే, "పెద్దావిడని నిశ్చింతగా ఉండమనండి" అని, ఆ తర్వాత కాగితం తీసుకుని క్లినిక్ పేరున్న లెటర్‌హెడ్ మీద తెలుగులో రాసిచ్చారు: ఈ కుక్కకి ఉన్న జబ్బు పేరు ఇది, ఇది మనుషులకి సోకదు, చికిత్స జరుగుతోంది అని. నేను అడగలేదు, ఆయనే రాశారు. పెంపుడు జంతువుల్ని నిషేధించే హక్కు అపార్ట్‌మెంటు సంఘాలకి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది, ఆ సంగతి నాకు తెలుసు. కానీ రూల్సు చూపించి గెలిస్తే పక్కింటివాళ్లతో మాటలుండవు. ఆ చీటీ లిఫ్టు పక్కన అతికించాక ఎవరూ ఏమీ అనలేదు. పై అంతస్తు మామ్మగారు అయితే వచ్చి "పాపం, ఇప్పుడెలా ఉంది దానికి" అని అడిగారు.

మందుల సంగతికొస్తే, ఒకప్పుడు ఈ జబ్బుకి అమిట్రాజ్ అనే మందు కలిపిన నీళ్లతో ఒళ్లంతా పదే పదే తడపాల్సి వచ్చేదట. ఇప్పుడు ఆ పురుగుల్ని చంపే ఐసోక్సజోలిన్ రకం మాత్రలున్నాయి, నెలకొకటి, బరువు చూసి ఇస్తారు. ఇచ్చే ముందు చిట్టికి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని అడిగినదే మళ్లీ అడిగారు, ఎందుకంటే అలాంటి కుక్కలకి ఈ మాత్రలతో జాగ్రత్త పడాలి. చీము పొక్కుల మీద టేపు అద్ది తీసి, రంగు వేసి చూసి, బ్యాక్టీరియా ఉందని దానికి వేరే వైద్యం చేశారు. ఖర్చు దగ్గర కూడా దాపరికం లేదు. ఇవాళ ఈ పరీక్ష తప్పదు, ఇది తగ్గకపోతేనే చేద్దాం అని విడదీసి చెప్పేవారు.

స్నానం సంగతి మాత్రం కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఆ అబ్బాయి రుణం నేను తీర్చుకోలేను. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములని చంపే మందున్న షాంపూ రాసి వెంటనే కడిగేస్తే పనిచేయదు. నురుగు పది నిమిషాలు ఒంటిమీద ఉండాలి. తడిసిన కుక్క పది నిమిషాలు కదలకుండా నిలబడడం ఎంత కష్టమో పెంచేవాళ్లకి తెలుసు. ఆ అబ్బాయి ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని, కళ్లలోకి నురుగు పోకుండా అరచెయ్యి అడ్డం పెట్టి కబుర్లు చెప్పేవాడు. చొక్కా అంతా తడిసిపోయేది. నీళ్లు చల్లగా ఉండాలి, వేడి నీళ్లకి దురద ఎక్కువవుతుంది. తుడిచేటప్పుడు రుద్దకూడదు, తువ్వాలు అద్ది తీయాలి. వేళ్ల సందులు, చంకలు, తొడల మధ్య తడి లేకుండా ఆరేదాకా ఫ్యాన్ కింద ఉంచాలి. మన విశాఖ ఉక్కలో తడి మిగిలిన చోట మలసీజియా అనే ఈస్టు పెరిగిపోతుంది, జిడ్డూ ముక్కిపోయిన వాసనా దానివల్లే. ఇదంతా మా వారి చేత అక్కడే దగ్గరుండి చేయించాడు. మనుషుల సబ్బు, షాంపూ వద్దన్నాడు. కుక్క చర్మం మన చర్మం కంటే పలచన, దాని ఆమ్లగుణం కూడా వేరు.

మేం కూర్చున్నప్పుడు ఒకరు పిల్లిని తెచ్చారు, చెవి దగ్గర గుండ్రంగా జుట్టు ఊడింది. గది చీకటి చేసి ఊదారంగు దీపం వేస్తే కొన్ని వెంట్రుకలు లేతాకుపచ్చగా మెరిశాయి. తామర అనుమానం, వెంట్రుకలు పరీక్షకి పంపారు. వాళ్ల బాబు చేతిమీద కూడా గుండ్రటి మచ్చ ఉంది. డాక్టరమ్మ ఒకావిడ, అక్కడే పనిచేస్తారు, పిల్లాడి పక్కన కూర్చుని "పిల్లి తప్పేమీ లేదు నాన్నా, నువ్వు కూడా స్కిన్ డాక్టరుకి చూపించుకో, ఇద్దరికీ తగ్గిపోతుంది" అని చెప్పారు. వాడి మొహం తేలికపడింది. ఆవిడకి కూడా నా నమస్కారాలు.

చిట్టికి జుట్టు మొత్తం వచ్చేశాక కూడా మాత్ర ఆపలేదు. పైకి బాగున్నా లోపల పురుగులుండొచ్చు. నెల తేడాతో రెండుసార్లు గీకి చూస్తే, రెండుసార్లూ ఏమీ కనబడకపోతేనే మందు ఆపుతారు. రిసెప్షన్ అమ్మాయి తారీఖు దగ్గరపడగానే ఫోన్ చేసి "చిట్టి ఎలా ఉందండీ, రేపు తీసుకురండి" అనేది. రెండోసారి కూడా ఏమీ లేదని డాక్టరు గారు చెప్పినప్పుడు మాకంటే ముందు చప్పట్లు కొట్టింది ఆ అమ్మాయే. ఒళ్లంతా ఈ జబ్బు వచ్చిన ఆడకుక్కకి ఎదకొచ్చినప్పుడు తిరగబెట్టే అవకాశం ఉంది, పిల్లలకీ వచ్చే గుణం ఉంది కాబట్టి ఆపరేషన్ చేయించమన్నారు. అదీ అయిపోయింది.

నేను పైడబ్బులివ్వాలని చూస్తే ఆ అబ్బాయి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మా వారు మాడుగుల హల్వా పట్టుకెళ్తే మాత్రం అందరూ తీసుకున్నారు. డాక్టరు గారికి, డాక్టరమ్మకి, రిసెప్షన్ అమ్మాయికి, స్నానం చేయించిన ఆ బాబుకి, సాయంత్రాలు గదులు కడిగి తుడిచే అక్కకి, పేరుపేరునా మా అందరి తరఫునా కృతజ్ఞతలు. అత్తయ్యగారు మీకోసం సింహాచలం అప్పన్నకి మొక్కుకున్నారు, ఈ శనివారం వెళ్లి తీర్చుకుంటున్నాం.

ఆపరేషన్ తర్వాత చిట్టి మెడకి వేసిన ప్లాస్టిక్ కోన్ మా దగ్గర ఉంది, శుభ్రంగా కడిగి పెట్టాను. మధ్యరకం సైజు. గోపాలపట్నం, ఎన్‌ఏడీ చుట్టుపక్కల ఎవరికైనా అవసరమైతే చెప్పండి, మా వారు తెచ్చిస్తారు.