జావా ల్యాబుల్లో నల్ ఎర్రర్ వెతికినందుకు మార్కులివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఎడ్యుకేషన్ పేజీలో ప్లేస్‌మెంట్ల గురించి, కోడింగ్ టెస్టుల గురించి తరచూ వేస్తున్నారు, బాగుంటున్నాయి. కానీ మన వరంగల్, కరీంనగర్ వైపు ఇంజనీరింగ్ పిల్లలు రోజూ తల పట్టుకునే ఒక ఎర్రర్ గురించి ఎక్కడా కనిపించడం లేదు, అందుకే ఈ ఉత్తరం. జావా ప్రోగ్రామింగ్ భాషలో దాన్ని నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అంటారు, సీ షార్ప్ భాషలో నల్ రిఫరెన్స్ ఎక్సెప్షన్, సంగతి ఒకటే. నేను హనుమకొండలో సాయంత్రం పూట బీటెక్ పిల్లలకు జావా చెప్తాను. ఈ ఎర్రర్ రాగానే చాలామంది ఆ లైన్లను ఎర్రర్‌ను పట్టుకునే ట్రై-క్యాచ్‌లో పెట్టి, ఎర్రర్ వస్తే ఏం చేయాలో రాయాల్సిన క్యాచ్‌ను ఖాళీగా వదిలేస్తారు. ఎర్ర అక్షరాలు మాయమవుతాయి, రికార్డు మీద సంతకం పడుతుంది. ఇదేంట్రా అని అడిగితే ల్యాబులో ఇట్లాగే చేయమన్నారు సార్ అంటున్నారు, నాకు కోపం వచ్చేది అక్కడే.

ఆబ్జెక్ట్, అంటే ప్రోగ్రామ్ తయారుచేసుకునే డేటా ముక్క, మెమరీలో ఎక్కడో ఉంటుంది, మన వేరియబుల్‌లో ఉండేది దాని అడ్రస్ రాసిన చీటీ లాంటిది మాత్రమే. ఆ చీటీ మీద ఏమీ రాయకపోతే అదే నల్. ఖాళీ చీటీ జేబులో ఉన్నంతసేపు ఏమీ కాదు, దాన్ని ఆటో అన్నకు చూపించి ఇక్కడికి పోనీయ్ అన్నప్పుడే బండి ఆగిపోతుంది. సెకండియర్ పిల్లలు 60 సైజుతో స్టూడెంట్ అర్రే, అంటే గడుల వరుస, రాసి 60 మంది స్టూడెంట్లు తయారయ్యారనుకుంటారు. తయారైనవి 60 గడులు, అన్నింట్లోనూ నల్. ఒక్కో గడిలో న్యూ అని రాసి ఒక్కో స్టూడెంట్‌ను విడిగా పెట్టాలి. ఈ ఒక్క ముక్క బోర్డు మీద గీసి చూపిస్తే సగం ఎర్రర్లు పోతాయి, నిజంగా.

మిగతా సగం కష్టం, ఎందుకంటే ఎర్రర్ ఒకచోట వస్తుంది, తప్పు ఇంకోచోట ఉంటుంది. మొన్న ఒక అబ్బాయి వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌ను మనసులో పెట్టుకుని మినీ ప్రాజెక్ట్ రాశాడు, మిర్చి లాట్లు, రైతుల కోడ్‌లు, చివర్లో రైతుకు ఇచ్చే అమ్మకం చీటీ, అదే తక్‌పట్టీ. తక్‌పట్టీ ప్రింట్ చేసేచోట, రైతు ఫోన్ నంబర్ అడిగిన లైన్లో ప్రోగ్రామ్ ఆగిపోయింది. ఆ లైన్లో ఏ తప్పూ లేదు. కోడ్ ఇస్తే రైతు వివరాలు తీసిచ్చే హ్యాష్‌మ్యాప్‌లో ఆ రైతు కోడ్ దొరకలేదు, దొరకకపోతే గెట్ మెథడ్ నల్ ఇస్తుంది, అది దాని పద్ధతి. వెనక్కి వెళ్లి చూస్తే, ఫైల్లోంచి చదివిన కోడ్ చివర ఒక స్పేస్ మిగిలిపోయింది. చదివేచోట ఆ స్పేస్ తీసేసే ట్రిమ్ పెడితే సరిపోయింది. అంతకుముందు వాళ్ల దోస్తు ఇచ్చిన సలహా ఏమిటంటే, నల్ అయితే వదిలెయ్ అని ఒక ఇఫ్ పెట్టెయ్‌రా అని. అట్లా పెట్టి ఉంటే ప్రోగ్రామ్ సాఫీగా నడిచేది, ఆ రైతు తక్‌పట్టీ ఒక్కటే రాకుండా పోయేది, ఎర్రర్ కూడా ఉండదు కాబట్టి ఎవరూ గమనించేవాళ్లు కాదు.

ఇది పిల్లల స్థాయి తప్పు అని కొందరు లెక్చరర్లు తేలిగ్గా తీసుకుంటారు. నల్ రిఫరెన్స్‌ను 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషలో పెట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, అమలు చేయడం సులువని పెట్టేశానని, అది తన బిలియన్ డాలర్ల తప్పని 2009లో లండన్ సభలో ఒప్పుకున్నారు. అంత వెనక్కి ఎందుకు, 2025 జూన్ 12న గూగుల్ క్లౌడ్ ప్రపంచమంతా గంటల తరబడి ఇబ్బంది పడింది. ఒక పాలసీ డేటాలో కొన్ని ఫీల్డులు ఖాళీగా వెళ్లాయి, దాన్ని చదివే కోడ్‌లో ఆ ఖాళీని తట్టుకునే ఏర్పాటు లేదు, నల్ పాయింటర్ తగిలి సర్వీసు పదే పదే పడిపోయింది.

మరి ఏం నేర్పాలి? ముందు స్టాక్ ట్రేస్, అంటే ఎర్రర్ వచ్చినప్పుడు ప్రోగ్రామ్ ఏ మెథడ్ల మీదుగా అక్కడికొచ్చిందో చూపే లైన్లు, చదవడం. పైనుంచి వస్తూ మన ఫైలు పేరున్న మొదటి లైను దగ్గర ఆగి, ఇందులో ఏది నల్, దానికి ఆ నల్ ఎక్కడినుంచి వచ్చింది అని అడగాలి. 2020లో వచ్చిన జావా 14లో ఫలానా మెథడ్ తిరిగి ఇచ్చింది నల్ అని మెసేజ్‌లోనే చెప్పే సౌకర్యం పెట్టారు, 15 నుంచి అది మనం ఏ సెట్టింగూ మార్చకుండానే పనిచేస్తుంది. మా పిల్లల్లో కొందరి ల్యాబుల్లో ఇంకా జావా 8 నడుస్తోంది, వాళ్లకు లైన్ నంబర్ తప్ప ఇంకేమీ దొరకదు. కొత్త వెర్షన్ వేయడానికి పైసా ఖర్చు లేదు, దయచేసి వేయండి.

తర్వాత, నల్ లోపలికి రాకూడని చోట ఆబ్జెక్ట్ తయారయ్యే కన్‌స్ట్రక్టర్‌లోనే, నల్ వస్తే వెంటనే ఎర్రర్ ఇచ్చే రిక్వైర్ నాన్‌నల్‌తో ఆపడం, లిస్టు ఇవ్వాల్సిన మెథడ్ నల్ బదులు ఖాళీ లిస్టు ఇవ్వడం, దొరకొచ్చు దొరకకపోవచ్చు అనే చోట, విలువ ఉందో లేదో చూసుకోవడానికి వీలిచ్చే ఆప్షనల్ వాడటం. ఆప్షనల్ తీసుకుని చూడకుండా గెట్ కొట్టేస్తే మళ్లీ మొదటికే వస్తాం, అది కూడా చెప్పాలి. ఆండ్రాయిడ్ యాప్‌లకు వాడే కాట్లిన్ భాషలో ఏది నల్ కావచ్చో టైపులోనే ప్రశ్నార్థకంతో రాయాలి, చెక్ చేయకుండా వాడితే కంపైల్ కూడా కాదు. ఆండ్రాయిడ్ వైపు వెళ్లే పిల్లలకు అది ముందే చూపిస్తే మంచిది.

కాలేజీల వాళ్లకు నా విన్నపం ఒకటే. ల్యాబ్ ఎగ్జామ్‌లో రాసిన ప్రోగ్రామ్‌కు ఔట్‌పుట్ వచ్చిందా అని మాత్రమే చూస్తున్నారు. ఒక ప్రశ్నకైనా నల్ ఎర్రర్ ఉన్న ప్రోగ్రామ్ చేతికిచ్చి, ఆ నల్ ఎక్కడ పుట్టిందో రాయమనండి, మార్కులు దానికే ఇవ్వండి. క్యాచ్ ఖాళీగా వదిలితే మార్కులు కట్ చేయండి. ఈ సెమిస్టర్ ల్యాబుల నుంచే మొదలుపెట్టొచ్చు, సిలబస్ మారేదాకా ఆగాల్సిన పని లేదు.

ఇట్లు,
ఒక జావా ట్యూటర్,
హనుమకొండ