మూతి వంకర పోతే గడియారం చూడు

చిన్నా,

అమ్మమ్మ బెంగళూరులో మీ మారతహళ్లి ఇంటికి చేరిందన్నావు, సంతోషం. ఫోన్లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నా. కోడలికి కూడా చూపించు.

బీపీ మాత్ర విషయంలో ఆవిడ మాట నమ్మొద్దు. తల తిరగడం లేదు కదా అని మానేస్తుంది. బీపీ పెరిగినా చాలామందికి ఏమీ తెలియదు, దాంతో అదే చిక్కు. పక్షవాతానికి అన్నిటికంటే పెద్ద కారణం అదే. ఆవిడకి షుగరు కూడా తోడైంది.

ఉన్నట్టుండి మూతి ఒక పక్కకి వంకర పోయినా, చెయ్యి పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా, చూపు తగ్గినా, నడక తూలినా పక్షవాతమేమోనని అనుమానించు. అన్నీ కలిసి రానక్కర్లేదు, ఒక్కటి చాలు. నవ్వమను, రెండు చేతులూ ఎత్తమను, ఊరి పేరు చెప్పమను. నొప్పి ఉండకపోవచ్చు. అందుకే జనం తిమ్మిరనో గ్యాసనో పడుకోబెట్టేస్తారు. చివరిసారి ఎప్పుడు బాగా ఉందో టైం గుర్తుపెట్టుకో, డాక్టరు ముందు అడిగేది అదే. మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. అదీ సీటీ స్కాన్ తీసి, లోపల రక్తనాళం చిట్లలేదని తేల్చుకున్నాకే. గడ్డ కట్టిందో చిట్లిందో పైకి తెలియదు, కాబట్టి నీ అంతట నువ్వు ఆస్పిరిన్ వెయ్యకు. నీళ్లు కూడా తాగించకు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. టైం దాటిపోయిందని మాత్రం ఇంట్లో కూర్చోకు. కొందరికి ఆ తర్వాత కూడా గడ్డను బయటికి లాగే చికిత్స చేస్తారు.

వెంటనే 108కి ఫోన్ చెయ్యి. వీధి చివరి క్లినిక్‌లో బీపీ చూపించి, అక్కణ్నుంచి ఇంకోచోటికి బయల్దేరితే సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లోనే పొద్దు పోతుంది. హోసూరు రోడ్డులో మెదడు, నరాల జబ్బులకి పెద్దాసుపత్రి నిమ్హాన్స్ ఉంది సరే, మీకు దగ్గర్లో రాత్రిపూట కూడా సీటీ, న్యూరాలజిస్టు ఉండే ఆసుపత్రి ఏదో ఈ ఆదివారమే కనుక్కో.

పది నిమిషాల్లో సర్దుకున్నా వెళ్లాల్సిందే. అలా వచ్చి పోయాక మొదటి రెండు రోజుల్లోనే పెద్దది వచ్చే భయం ఎక్కువ. మీ పెదనాన్న పావురం రక్తం పూయమంటాడు, పసరు పంపిస్తానంటాడు. "అలాగే పెదనాన్నా" అని ఫోన్ పెట్టేయ్.

ఇక నువ్వు. సిగరెట్ మానేశానన్నావు, కోడలు ఇంకోలా చెబుతోంది. వయసులో ఉన్నవాళ్లకి రాదనేం లేదు. మనకి బీపీ రెండు వైపులా ఉంది. అమ్మమ్మకి చూసేటప్పుడు ఆ పట్టీ నీ చేతికి కూడా చుట్టుకో. 140/90 దాటుతుంటే నాకు చెప్పు, డాక్టరుకి చూపించు.

ఉప్పు తగ్గించమన్నారని ఆవకాయ పంపలేదు. ఆవిడ సంచిలో డబ్బా కనిపిస్తే అది నేను పెట్టింది కాదు.

అమ్మ